చిన్నదానికి జానెడు, పెద్దవాడికి మూరెడు

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు, విద్యానగర్. మాకు ఇద్దరు పిల్లలు. బాబుకి ఐదేళ్లు, పాపకి రెండున్నర. ఇద్దరికీ ఈత రాదు. వేసవి సెలవులు కదా అని మా మరిది ఆన్‌లైన్‌లో ఒక పెద్ద పూల్ తెప్పించాడు. నేల మీద నిలబెట్టుకునేది. చుట్టూ ఇనప పైపులు, మధ్యలో నీలం రంగు షీటు. గుండ్రంగా పది అడుగుల వెడల్పు, ముప్పై అంగుళాల ఎత్తు ఉంది. ఫిల్టర్ మోటరు, చిన్న నిచ్చెన కూడా ఇచ్చారు. లోపల ఉన్న గీత దాకా నింపమని కాగితంలో రాశారు. అంత పోస్తే పాపకి భుజాల దాకా వచ్చేస్తాయి. తక్కువ నింపితే పూల్ పాడవుతుందా? మావారేమో నిండా పోసి లోపల ప్లాస్టిక్ స్టూలు వేద్దాం, పాప దాని మీద నిలబడుతుంది అంటున్నారు. డాబా మీద బోలెడు చోటుంది. కింద పోర్టికో ముందు పెడదామంటే నేల వాటంగా ఉంది. మా అత్తయ్యగారు అసలు వద్దే వద్దంటున్నారు. ఎంత నీళ్లు పోయాలి, ఎక్కడ పెట్టాలి? దయచేసి చెప్పండి.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

అమ్మా, అన్నిటికంటే ముందు ఆ స్టూలు సంగతి తేల్చేద్దాం. ఆ ఆలోచన ఇవాళే మానుకోండి. ప్లాస్టిక్ స్టూలు నీళ్లలో నిలకడగా ఉండదు. కింద నున్నటి షీటు, పైన గంతులేసే పాప. అది జారిందంటే పాప కాళ్ల కింద ఏమీ ఉండదు. జారకపోయినా, స్టూలు అంచు ఎక్కడిదాకా ఉందో రెండున్నరేళ్ల పిల్లకి ఏం తెలుస్తుంది? ఒక్క అడుగు పక్కకి వేస్తే చాలు. స్టూలు బదులు ఇటుకలు పేర్చినా, చెక్క పీట వేసినా అంతే. పైగా ఆ సందుల్లో కాళ్లు ఇరుక్కుంటాయి, షీటు చిరుగుతుంది. లోతు తగ్గాలంటే నీళ్లు తగ్గించడం తప్ప వేరే దారి లేదు. మీవారికి ఇది నా మాటగా చెప్పండి.

నీళ్లు తక్కువ పోస్తే పూల్ పాడవుతుందేమో అన్న భయం అక్కర్లేదు. మీది పైపుల ఫ్రేము ఉన్న రకం కాబట్టి, గోడని నిలబెట్టే పని ఆ పైపులే చేస్తాయి. పావు వంతు నింపినా నిలబడుతుంది. షీటు కొంచెం ముడతలు పడుతుంది, అంతే. అడుగున పడ్డ ముడతలు మాత్రం పోసేటప్పుడే సర్దేయాలి. రెండు అంగుళాల నీళ్లు చేరగానే గొట్టం నీళ్లు ఆపి, మీరు లోపలికి దిగి, మధ్యలోంచి అంచులకి పాదాలతో తోసుకుంటూ వెళ్లండి. ముడతలో కాలు తట్టుకునే పసిపిల్లలు పడేది ముందుకే.

పైన గాలి ఊదిన రింగు ఉండే రకం పూల్ వేరు. ఇది చదివేవాళ్లలో అది కొన్నవాళ్లూ ఉంటారు కాబట్టి చెబుతున్నాను. అందులో నీళ్లు పెరిగే కొద్దీ రింగు తేలుతూ గోడని పైకి లేపుతుంది. నీళ్లు తక్కువగా ఉంటే గోడ సగంలోనే వేలాడుతూ ఉంటుంది. మా పక్కింట్లో అలాంటి పూల్‌లో మోకాలి లోతు నీళ్లు పోశారు. ఏడేళ్ల పిల్లాడు అంచు మీద పొట్ట ఆనించి బయట పడిన బంతి కోసం వంగాడు. గోడ మొత్తం వాడితో పాటు వాలిపోయి, నీళ్లన్నీ ఒక్కసారిగా ఆ వైపుకి దూకాయి. వాడూ, వాడి వెనక ఉన్న చెల్లెలూ ఇద్దరూ ఆ నీళ్లతో పాటు గచ్చు మీదికి కొట్టుకొచ్చారు. మోచేతులు దోక్కుపోవడంతో సరిపోయింది. ఆ రకం పూల్‌ని తక్కువ నీళ్లతో వాడొద్దు. పసిపిల్లలకైతే అసలు వద్దు.

మీ పూల్‌కీ తక్కువ నీళ్లతో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది గాలి. మన దగ్గర మే నెల సాయంత్రాలు ఉన్నట్టుండి గాలిదుమారం లేస్తుంది కదా. నిండుగా ఉన్న పూల్ టన్నుల బరువుతో కదలకుండా కూర్చుంటుంది. అడుగున కాస్త నీళ్లున్న పూల్ గోడలకి గాలి పట్టి, పైపుల కాళ్లు జరిగే ప్రమాదం ఉంది. మబ్బు పట్టగానే పిల్లల్ని బయటికి తీసేయండి. రెండోది ఫిల్టర్. మోటరు పైపులు తగిలించే రంధ్రాలు గోడకి కొంత ఎత్తులో ఉంటాయి. నీటిమట్టం పైరంధ్రం కంటే కిందికి ఉంటే మోటరు వెయ్యకూడదు. నీళ్లు లేకుండా తిరిగితే కాలిపోతుంది. డబ్బాలో బిరడాలు ఇచ్చే ఉంటారు. తక్కువ నీళ్లు పోసే రోజుల్లో వాటితో ఆ రంధ్రాలు మూసేసి, మోటరు పక్కన పెట్టేయండి. నీళ్లు నిండా ఉన్నప్పుడు కూడా పిల్లలు లోపల ఉండగా ఆ మోటరు తిరగకూడదు. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకేసి ఉండాలి. ఆ లైనుకి ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు కట్ చేసేది అది. లేకపోతే పెట్టించేదాకా ఆ మోటరు డబ్బాలోంచి తీయొద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఎంత నీళ్లు?

బెజవాడలో ఇరవై ఏళ్లకి పైగా చిన్నపిల్లలకి ఈత నేర్పాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, కాగితంలో ఉన్న అంకె పూల్ కోసం రాసింది. మీకు కావాల్సిన కొలత మీ పిల్లల ఒంటి మీద ఉంటుంది. మీ పాపకి జానెడు నీళ్లు పోయండి, మీ బాబుకి మూరెడు. జానంటే పెద్దవాళ్ల జాన, సుమారు 9 అంగుళాలు, అంటే 22 సెంటీమీటర్లు. మూరంటే మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా, 18 అంగుళాలు, 45 సెంటీమీటర్లు. రెండున్నరేళ్ల పిల్లకి జానెడు నీళ్లు నిలబడితే మోకాలి దగ్గరికి వస్తాయి. కూర్చుంటే బొడ్డు దాటతాయి, చంకలకి అందవు. కూర్చున్నప్పుడు నీళ్లు ఎక్కడికి వస్తాయన్నదే పసివాళ్లకి ముఖ్యం. ఎందుకంటే వాళ్లు నీళ్లలో నిలబడరు, చతికిలబడతారు. నిలబడ్డప్పుడు చూసి ‘మోకాలే కదా’ అనుకుంటాం, అదే పిల్ల కూర్చున్నాక నీళ్లు సగం ఒంటిని కప్పేస్తాయి.

బాబుకి మొలతాడు ఉందా? ఉంటే కొలత ఇంకా తేలిక. వాడు నీళ్లలో నిటారుగా నిలబడినప్పుడు మొలతాడు తడవకూడదు. ఈత రాని ఐదేళ్ల పిల్లవాడికి అదే హద్దు. మూరెడు నీళ్లు సరిగ్గా అక్కడికి కాస్త కిందే ఆగుతాయి. అయితే అంత లోతులో వాడు కూర్చుంటే గడ్డం దాకా వచ్చేస్తాయి. అందుకని మొదటి నాలుగు రోజులు 15 అంగుళాలతో మొదలుపెట్టి, వాడికి నీళ్లలో లేచి నిలబడడం, జారితే చేతులు నేలకి ఆనించి పైకి రావడం అలవాటయ్యాక మూరెడు చేయండి. వాడితో పాటు మీవారు కూడా నీళ్లలో ఉండాలి, బయట కుర్చీలో కాదు.

ఇద్దరూ ఒకేసారి దిగితే? అప్పుడు కొలత పాపదే, జానెడే. ‘వాడికి బాగా తక్కువైపోతుందండీ, ఏడుస్తాడు’ అంటారు. ఏడవనివ్వండి. లోతు ఎప్పుడూ అందరిలోకీ చిన్నపిల్లని బట్టే. ఇంకో మాట, వాడు గెంతితే లేచే అలకి పాప వెల్లకిలా పడిపోతుంది. ఇద్దరూ కలిసి ఉన్నంతసేపు గెంతుళ్లు లేవు. తలకిందులుగా దూకడం ఆ పూల్‌లో ఏ వయసు వాళ్లకీ లేదు, మీ మరిదికి కూడా.

నన్నడిగితే పాపకి ఈ ఏడు ఆ పెద్ద పూల్ వద్దే వద్దు. నాలుగు అడుగుల వెడల్పు ఉండే చిన్న టబ్బు ఒకటి కొనండి. జానెడు నీళ్లకి అందులో 250 లీటర్లు పడతాయి, అంటే పెద్ద బకెట్లతో 16, 17 బకెట్లు. అయిపోగానే మొత్తం ఒంపేసి బోర్లించేయొచ్చు. అదే జానెడు నీళ్లకి మీ పెద్ద పూల్‌లో 1,600 లీటర్లు కావాలి. రోజూ పారబోయడం వేసవిలో గుంటూరులో ఎవరికీ కుదిరే పని కాదు. టబ్బులో ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి. పాపని పట్టుకుని మీరూ కూర్చుంటే నీటిమట్టం మూడు నాలుగు సెంటీమీటర్లు పైకి వస్తుంది. పెద్ద పూల్‌లో ఆ తేడా తెలియదు, చిన్న టబ్బులో బాగా తెలుస్తుంది. అందుకని మీరు కూర్చున్నాక కొలవండి.

బాబు కోసం పెద్ద పూల్ నింపేటప్పుడు గోడ లోపలి వైపు టేపుతో కొలిచి, నల్ల మార్కరుతో రెండు గీతలు గీయండి, ఒకటి 15 అంగుళాల దగ్గర, ఒకటి 18 దగ్గర. పది అడుగుల గుండ్రటి పూల్‌లో ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకీ 730 లీటర్లు. మూరెడుకి 3,300 లీటర్ల చిల్లర. మీ గొట్టం కింద 15 లీటర్ల బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. 45 సెకన్లు పట్టిందనుకోండి, నిమిషానికి 20 లీటర్లు వస్తున్నట్టు. అంటే మూరెడు నీళ్లు చేరడానికి రెండు గంటల ముప్పావు. ఆ సమయానికి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మోటరు వేసి మర్చిపోవడం మన ఇళ్లలో రోజూ జరిగేదే. ట్యాంకైతే పొర్లి తెలుస్తుంది, పూల్‌లో గీత దాటితే ఎవరికీ తెలియదు. ఎక్కువైన నీళ్లని తోడడం కంటే పోసేటప్పుడు ఆపడం నయం. అయినా ఎక్కువైతే, తోటకి నీళ్లు పెట్టే గొట్టం ఒక చివర పూల్‌లో ముంచి, గొట్టం నిండా నీళ్లు పట్టనిచ్చి, రెండో చివర వేలితో మూసి పూల్ అడుగు కంటే పల్లంలో వదిలితే దానంతటదే లాగుతుంది.

పోసేటప్పుడు మొదటి నీళ్లు పూల్‌లోకి పోనివ్వకండి. ఎండలో పడున్న గొట్టంలోంచి వచ్చే మొదటి ధార కాలేలా ఉంటుంది. పిల్ల కాలి మీద పడితే బొబ్బ లేస్తుంది. మీ చేతి మీద పోసుకుని చల్లబడ్డాకే గొట్టం లోపల పెట్టండి. మిద్దె మీద ట్యాంకు నీళ్లు కూడా మిట్టమధ్యాహ్నం అలాగే ఉంటాయి. రోహిణి కార్తెలో 45 డిగ్రీల ఎండ మనకి కొత్త కాదు కాబట్టి, పిల్లల్ని దింపేది పొద్దున ఎనిమిదిన్నర లోపు గానీ, సాయంత్రం ఐదు దాటాక గానీ.

సంపు గురించి మీరు రాయలేదు, నేను అడుగుతున్నాను. మీ పోర్టికో ముందు సంపు ఉందా? పూల్ నింపేటప్పుడు నీళ్లు ఎంత ఉన్నాయో చూడ్డానికి మూత తీస్తారు, పైపు వేసి సగం తెరిచి వదిలేస్తారు. పెద్దవాళ్ల కళ్లన్నీ పూల్ మీద ఉంటాయి. ఆ మూత తెరిచి ఉన్న సంపు మీ పూల్ కంటే ఎన్నో రెట్లు ప్రమాదం. ముందు దానికి తాళం వేయండి, తర్వాతే పూల్ పైపులు బిగించండి.

ఎక్కడ పెట్టాలన్న దానికి జవాబు: డాబా మీద వద్దు. ఒక లీటరు నీళ్లు ఒక కిలో. మీ పూల్ గీత దాకా నిండితే దాదాపు ఐదు టన్నులు. చదరపు మీటరు లెక్కన చూస్తే మూరెడు నీళ్లు 450 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే డాబాని మన దేశ ప్రమాణాల్లో చదరపు మీటరుకి 150 కిలోల భారానికి లెక్క కడతారు. అంటే జానెడు నీళ్లే, 220 కిలోలతో, ఆ లెక్క దాటిపోతాయి. ‘వెయ్యి లీటర్ల ట్యాంకు మోస్తోంది కదా’ అనొద్దు. దాన్ని స్తంభాల మీదో గోడల మీదో వచ్చేలా చూసి కూర్చోబెడతారు. శ్లాబు నడిమధ్యన పది అడుగుల మేర నీళ్లు నిలపడం వేరు. అంతకంటే నన్ను భయపెట్టేది పిట్టగోడ. మామూలుగా అది మీటరు ఎత్తు ఉంటుంది. దాని పక్కన 30 అంగుళాల పూల్ పెడితే, పూల్ అంచెక్కిన పిల్లాడికి పిట్టగోడ మోకాలి ఎత్తు కూడా రాదు.

కాబట్టి కిందే. వాటం సంగతి మీరు గమనించడం మంచిదైంది. చాలామంది చూడరు. నీరు పల్లమెరుగు అన్నారు కదా, పైన నీళ్లు సమంగా కనిపిస్తాయి, తేడా అంతా అడుగున ఉంటుంది. పది అడుగుల్లో రెండు అంగుళాల వాటం ఉంటే, ఒక వైపు 9 అంగుళాలున్న నీళ్లు ఎదుటి వైపు 11 ఉంటాయి. పాప నడిచేదేమో పల్లం వైపుకే. బరువు కూడా అటే తోసి, గోడ ఉబ్బి, ఫ్రేము వంగుతుంది. మేస్త్రీల దగ్గర ఉండే లెవెల్ పైపుతో ఒకసారి చూపించండి, పది నిమిషాల పని. తేడా అంగుళం దాటితే ఎత్తు వైపు చెక్కి చదును చేయించండి. మట్టి నేలైతే మంచిది. పల్లం వైపు ఇసుక పోసి ఎత్తు పెంచొద్దు, బరువుకి అది జారిపోతుంది. చదును చేశాక రాళ్లు, మొక్కల మోళ్లు ఏరేసి, కింద మందపాటి టార్పాలిన్ పరచండి. ఎంత చదును చేసినా, లోతు కొలిచేది మాత్రం పల్లం వైపే.

ఇప్పుడు మీ అత్తయ్యగారి మాట. ఆవిడ భయం చాదస్తం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా దాదాపు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. వాళ్లలో నాలుగోవంతు ఐదేళ్ల లోపు పిల్లలు. పసిపిల్ల మునగడానికి రెండు అంగుళాల నీళ్లు చాలు, ముక్కూ నోరూ మునిగితే అయిపోయినట్టే. జానెడు పోయమన్నానని జానెడులో ఏమీ కాదని నేను అనలేదు. లోతు తగ్గించడం వల్ల మనకి దొరికేది కాస్త వ్యవధి మాత్రమే. పిల్లని కాపాడేది చేతికందే దూరంలో ఉన్న మనిషి.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మా మనవరాలికి అప్పుడు రెండేళ్లు. ఆదివారం, పెరట్లో టబ్బు, అడుగున చీలమండ లోతు నీళ్లు. చుట్టూ మేం నలుగురం పెద్దవాళ్లం. నేను తువ్వాలు తీసుకుందామని దండెం వైపు తిరిగాను. రెండు క్లిప్పులు తీసి, తువ్వాలు భుజాన వేసుకుని వెనక్కి తిరిగేసరికి పిల్ల బోర్లా ఉంది. జుట్టు నీళ్ల మీద విచ్చుకుని ఉంది, చేతులు రెండూ పక్కలకి చాచి ఉన్నాయి. కాళ్లు కొట్టుకోవడం లేదు, చప్పుడు లేదు. మిగతా ముగ్గురూ అప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎత్తగానే దగ్గింది, తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు వినేదాకా నాకు ఊపిరి రాలేదు. మునిగే పిల్ల అరవదు. అరవడానికి కావాల్సిన ఊపిరే అప్పుడు ఉండదు. ఇన్నేళ్లు పిల్లలకి ఈత నేర్పినదాన్ని, నలుగురం ఉన్నాం కదా అని నేనే తిరిగాను. నలుగురూ చూస్తున్నారంటే ఎవరూ చూడట్లేదనే అర్థం అని ఆరోజు తెలిసింది.

2016 కృష్ణా పుష్కరాల్లో మన ఘాట్లలో చూశాం, నాయనమ్మలూ అమ్మమ్మలూ మనవల రెక్క పట్టుకుని ఒక్క మెట్టు కూడా వదల్లేదు. బందరు కాలువ గట్టు మీద నడిచేటప్పుడు ఎవరూ పిల్లని ఒంటరిగా వదలరు. పెరట్లో టబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి సడలుతుంది. మీ అత్తయ్యగారికి ఆ పట్టు ఇంకా ఉంది. ఆవిణ్ణి ఒప్పించడానికి తిప్పలు పడకండి, ఆవిడ నియమాలు అందరూ పాటించండి.

ఒక్కసారికి ఒక్కరే కాపలా. ఎవరి వంతో పేరు పెట్టి చెప్పుకోవాలి, ‘ఇప్పుడు నాన్న చూస్తున్నాడు’ అని. పదిహేను నిమిషాలకి మనిషి మారాలి. కాపలా మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, కూరగాయల కత్తిపీట ముందు ఉండకూడదు. గేటు బెల్లు కొడితే, పాలవాడొస్తే, పొయ్యి మీద పప్పు మాడుతుంటే, పాపని చంకనేసుకుని వెళ్లాలి తప్ప ‘అన్నయ్యా, చెల్లిని చూస్తుండు’ అని బాబుకి చెప్పి వెళ్లకూడదు. ఐదేళ్ల పిల్లవాడి మీద ఆ బరువు పెట్టడం అన్యాయం.

చేతులకి తొడిగే గాలి రెక్కలు, నడుముకి వేసే ట్యూబులు బొమ్మలు, అంతే. వాటిని నమ్మి దూరం జరగొద్దు. కాళ్లు దూర్చి కూర్చునే ట్యూబైతే పసిపిల్లలకి అసలు వద్దు. అది తిరగబడితే తల నీళ్లలో, కాళ్లు పైన, పిల్ల తనంతట తాను బయటికి రాలేదు.

పిల్లలు బయటికి రాగానే నిచ్చెన తీసి ఇంట్లో పెట్టండి. పూల్‌లో బొమ్మ ఒక్కటి కూడా తేలుతూ ఉండకూడదు. దాని కోసమే పిల్ల మళ్లీ వస్తుంది. పూల్ చుట్టూ కుర్చీ, బోర్లించిన బకెట్, పూలకుండీ, స్కూటరు, ఎక్కడానికి పనికొచ్చేది ఏదీ ఉండకూడదు. నాలుగడుగుల ఎత్తు కంచె, లోపలి నుంచి గడియ ఉంటే ఇంకా మంచిది. లేకపోతే మీ వరండా గ్రిల్లుకి పాప చెయ్యి అందనంత ఎత్తులో గడియ పెట్టించండి. పూల్ మీద టార్పాలిన్ కప్పి నిశ్చింతగా ఉండొద్దు. పిల్ల దాని మీదికి ఎక్కితే కిందికి కుంగి, ఆమెని చుట్టేస్తుంది.

నీళ్ల శుభ్రత గురించి కొంచెం. టబ్బు నీళ్లు ఏ రోజువి ఆ రోజే చెట్లకి పోసేయండి. బాబు పూల్‌లో మూరెడు నీళ్లని మూడు నాలుగు రోజులు ఉంచాలంటే క్లోరిన్ తప్పదు. 3,300 లీటర్లకి తాజా బ్లీచింగ్ పౌడర్ 20 గ్రాములు వేస్తే సుమారు 2 పీపీఎమ్, అంటే లీటరు నీళ్లకి 2 మిల్లీగ్రాముల క్లోరిన్, వస్తుంది. అది ఒకటి నుంచి మూడు మధ్య ఉండాలి. నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పౌడర్ పాతదైతే బలం తగ్గిపోతుంది, కాబట్టి పరీక్షించే పట్టీలు కొనుక్కుని చూసుకోవడమే నమ్మకం. సాయంత్రం పిల్లలు బయటికి వచ్చాక, పౌడర్‌ని బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైతేట మాత్రమే పూల్‌లో పోయండి. బాత్రూం కడిగే యాసిడ్‌ని ఆ బకెట్ దరిదాపులకి రానివ్వకండి, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. పూల్ అడుగు కనిపించనంతగా నీళ్లు మసకబారితే ఇంక ఆ నీళ్లలోకి ఎవరూ దిగొద్దు, పారబోయండి. క్లోరిన్ లేకుండా వారం నిలవ ఉన్న నీళ్లు డెంగీ దోమకి పుట్టిల్లు. విరేచనాలు అవుతున్న పిల్లని నీళ్లలోకి దింపొద్దు.

ఎవరూ అనుకోనిది జరిగితే ఏం చేయాలో మీ ఇంట్లో పెద్దవాళ్లందరికీ ముందే తెలిసి ఉండాలి. మన వైపు నీళ్లలో మునిగిన పిల్లని తలకిందులుగా పట్టుకుని ఊపుతారు, పొట్ట నొక్కుతారు. ఆ పని చేయొద్దు. దానివల్ల కడుపులోవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. పిల్లని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ లేచేలా రెండుసార్లు ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో అరచేయి మడమతో గబగబా 30 సార్లు నొక్కండి, మళ్లీ రెండు ఊదండి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాలి. ఊపిరి వచ్చేదాకా, లేదా అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. పిల్ల తేరుకుని ఆడుకుంటున్నా సరే, నీళ్లు మింగి ఉక్కిరిబిక్కిరైన పిల్లకి దగ్గు తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా, మగతగా ఉన్నా అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. ఈ నొక్కడం, ఊదడం చదివితే వచ్చే విద్య కాదు. తెలిసిన డాక్టరునో నర్సునో అడిగి ఒక బొమ్మ మీద చేసి చూడండి, మీరూ, మీవారూ, మీ మరిదీ ముగ్గురూ.

బాబుకి ఐదేళ్లంటే ఈత నేర్చుకునే వయసే. ఈ సెలవుల్లోనే మంచి కోచ్ ఉన్న చోట చేర్పించండి. పొద్దున అక్కడ నేర్చుకున్నది సాయంత్రం ఇంట్లో మూరెడు నీళ్లలో ఆడుకుంటాడు, ముఖం ముంచి బుడగలు ఊదడం, గోడ పట్టుకుని కాళ్లు కొట్టడం. ఆ రెండిటికీ మీ పూల్ చక్కగా సరిపోతుంది.

మొదటి రోజు అత్తయ్యగారిని కుర్చీ వేసి పూల్ పక్కనే కూర్చోబెట్టండి. బాబుని నీళ్లలో నిలబెట్టి, మొలతాడు తడిసిందో లేదో ఆవిణ్ణే చూడమనండి.